మైదా గడప దాటకూడని బేకరీ

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఒక బేకరీ పెట్టాలనుకుందాం. బిస్కెట్లు ఉండాలి, బర్త్‌డే కేక్ ఉండాలి, బ్రెడ్ ఉండాలి. కండిషన్ ఒక్కటే: గోధుమతో చేసినది ఏదీ ఆ షాపు గడప దాటి లోపలికి రాకూడదు. మైదా, ఆటా, బొంబాయి రవ్వ, సేమియా ఏవీ రాకూడదు. పనివాళ్ళ లంచ్ బాక్సులో చపాతీ కూడా రాకూడదు.

మొదట వింటే ఇది కుదిరే పని కాదనిపిస్తుంది. బేకరీ అంటేనే మైదా కదా! కానీ ఈ కండిషన్ ఫ్యాషన్ కోసం పెట్టింది కాదు. కొంతమందికి ఒక చిన్న కేక్ ముక్క నిజంగానే జబ్బు చేస్తుంది. వాళ్ళు ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళినా ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడాల్సిందే. ఈ బేకరీ వాళ్ళ కోసం. అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు కష్టం, మన ఉత్తరాంధ్రలో దానికి అనుకూలమైనవేంటి, అడ్డమొచ్చేవేంటి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

గ్లూటెన్ అంటే ఏంటి

ఇది హాస్టల్ రూమ్‌లో కూడా చేయగలిగే ప్రయోగం. చపాతీ పిండి ముద్ద ఒకటి తీసుకుని, కుళాయి కింద సన్నటి ధారలో పిసుకుతూ కడగండి. తెల్లటి నీళ్ళు పోతూ ఉంటాయి. ఆ తెలుపు పిండి పదార్థం, అంటే స్టార్చ్. పది, పదిహేను నిమిషాల తరవాత చేతిలో చూయింగ్ గమ్ లాంటి బూడిద రంగు ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అనే శాస్త్రవేత్త 18వ శతాబ్దంలో చేసింది సరిగ్గా ఇదే పని. గోధుమ పిండిని కడిగి, అందులో జిగురు వేరే, పిండి వేరే అని చూపించాడు.

ఇది చదువుతుంటే మాడుగుల హల్వా గుర్తొచ్చి ఉంటుంది. అనకాపల్లి జిల్లా మాడుగులలో గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి తీసిన పాలతోనే ఆ హల్వా చేస్తారు. అంటే గోధుమలోంచి స్టార్చ్‌ని వేరు చేసే ఈ పద్ధతి మన వాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. కాకపోతే అలా తీసిన పాలలోకి గ్లూటెన్ కూడా కొంత వచ్చేస్తుంది. కాబట్టి గోధుమ పడనివాళ్ళకి ఆ హల్వా కూడా పనికిరాదు.

గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్ళు పోసి పిసికితే ఆ రెండూ అల్లుకుని వలలా తయారవుతాయి. బ్రెడ్ పిండిలో ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ వలలో చిక్కుకుంటుంది. బెలూన్‌లో గాలిలాగా ఉండిపోయి పిండి పొంగుతుంది. ఓవెన్‌లో పెట్టాక ఆ వల గట్టిపడి బ్రెడ్‌కి ఆకారం వస్తుంది. అంటే బ్రెడ్ మెత్తగా, స్పాంజిలా ఉండటానికి కారణం గ్లూటెన్ వల. బార్లీలో, రై అనే ధాన్యంలో కూడా ఇలాంటి ప్రొటీన్లే ఉంటాయి. బియ్యం, చోళ్ళు, గంటెలు, జొన్నలు, సామలు, కొర్రలు, మొక్కజొన్న, పప్పులు, వీటిలో ఇవి లేవు.

ఎవరికి, ఎందుకు పడదు

గోధుమ పడకపోవడం అందరికీ ఒకేలా ఉండదు. కొంతమందికి గోధుమ ఎలర్జీ ఉంటుంది. తిన్న కాసేపట్లోనే దద్దుర్లు, వాపు, ఊపిరాడకపోవడం లాంటివి రావచ్చు. ఇంకొంతమందికి ఏ పరీక్షలోనూ బయటపడదు గానీ తింటే కడుపు ఇబ్బంది పెడుతుంది. మూడోది సీలియాక్ జబ్బు. మన బేకరీ ప్రధానంగా ఆలోచించాల్సింది దీని గురించే.

సీలియాక్ అంటే ఎలర్జీ కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ గ్లూటెన్‌ని చూసి పొరబడి సొంత పేగు మీదే దాడి చేయడం. చిన్నపేగు లోపలి గోడ మీద విల్లై అనే సన్నటి పోగులు ఉంటాయి. టర్కీ టవల్ మీద నిలబడి ఉండే దారాల్లా అనుకోండి. మనం తిన్నదాంట్లో సారాన్ని పీల్చుకునేవి అవే. సీలియాక్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటుంటే ఆ పోగులు అరిగిపోయి టవల్ కాస్తా నున్నటి గుడ్డలా అయిపోతుంది. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎముకలు బలహీనపడటం, ఇవన్నీ దాని తరవాత వచ్చేవి. దీనికి మందు బిళ్ళ లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం. మానేస్తే చాలామందిలో పేగు మళ్ళీ మామూలు అవుతుంది.

దోషి గోధుమేనని పట్టుకున్నది విల్లెం డికె అనే డచ్ పిల్లల డాక్టరు. 1930లలోనే ఆయనకి అనుమానం ఉంది. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువు వచ్చింది. బ్రెడ్ దొరక్క జనం ట్యులిప్ దుంపలు కూడా తిన్నారు. ఊరంతా చిక్కి శల్యమవుతుంటే, సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకోవడం కనిపించింది. మళ్ళీ బ్రెడ్ రావడం మొదలవగానే వాళ్ళకి జబ్బు తిరగబెట్టింది. 1950లో డికె దీని మీద థీసిస్ రాశారు. మన భాషలో చెప్పాలంటే ఒక్క వేరియబుల్ తీసేసి చూశారు, బగ్ ఎక్కడుందో తెలిసిపోయింది.

మన దగ్గర ఎంతమంది

'ఇదంతా పంజాబ్, హర్యానా వాళ్ళ గొడవ, మనం అన్నం తినేవాళ్ళం కదా' అనుకోవడం సహజం. అందులో సగం నిజం ఉంది. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో దేశంలో మూడు ప్రాంతాల పెద్దవాళ్ళని పరీక్షించారు. సీలియాక్ ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించింది.

ఇందులో ఆశ్చర్యం ఏంటంటే, ఈ జబ్బు రావడానికి ఉండాల్సిన జన్యువులు మూడు చోట్లా సుమారుగా మూడో వంతు మందిలో ఉన్నాయి. పెద్ద తేడా తిండిలో ఉంది. ఉత్తరాదిలో మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో 25 గ్రాములే. మన శరీరాలు వేరేవి కావు, మన కంచం వేరు, అంతే.

ఇప్పుడు ఆ కంచం మారుతోంది. షుగర్ వచ్చిందంటే చాలు, ఇంట్లో రాత్రికి అన్నం మాని రెండు చపాతీలు. పొద్దున్న ఉప్మా, సాయంత్రం నూడుల్స్, మధ్యలో ఎగ్ పఫ్. మన కాలేజీ క్యాంటీన్లో గోధుమ తగలకుండా ఒక రోజు గడపగలరేమో ట్రై చేయండి, తెలుస్తుంది.

ఒక అంచనా లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల్లో పాత శ్రీకాకుళం జిల్లా 27 లక్షలు, పాత విజయనగరం జిల్లా 23.4 లక్షలు. కలిపి 50 లక్షల పైన. దాంట్లో 0.10 శాతం అంటే సుమారు 5 వేల మంది. ఇది కొలిచిన సంఖ్య కాదు, సైజు అర్థం కావడానికి వేసిన గుణకారం. కానీ చిక్కు వేరే చోట ఉంది. అన్నం తినే ప్రాంతంలో పిల్లాడు ఎదగకపోతే 'బలం లేదు' అంటారు. అమ్మాయికి రక్తం తక్కువుంటే ఐరన్ మాత్రలు ఇస్తారు. గోధుమని అనుమానించాలన్న ఆలోచనే చాలా ఆలస్యంగా వస్తుంది.

తెలిశాక కూడా ఊరు నమ్మదు. 'ఒక్క ముక్కకే ఏటవుతాది, తినేయమ్మా' అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. దాన్ని వద్దనడం ఎంత కష్టమో ఆలోచించండి. పదేళ్ళ పిల్ల తన ఆరోగ్యం గురించి వివరించుకోవాలి, మొండిదనో భక్తి లేదనో మాట పడాలి. తిండి మానడం ఒక కష్టమైతే, ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవడం దానికంటే పెద్ద కష్టం.

మన వంటింట్లో ఇప్పటికే ఉన్నవి

గోధుమ లేకుండా పొంగేది, అంటుకునేది, ఆకారం నిలిచేది చేయలేమా? మన అమ్మమ్మలు ఎప్పట్నుంచో చేస్తూనే ఉన్నారు.

ఇడ్లీ చూడండి. అందులో గ్లూటెన్ చుక్క లేదు, అయినా స్పాంజిలా పొంగుతుంది. రాత్రంతా పులిసినప్పుడు బ్యాక్టీరియా గ్యాస్ వదులుతుంది, ఆ గ్యాస్‌ని మినప్పప్పులో ఉండే జిగురు, ప్రొటీన్లు కలిసి పట్టి ఉంచుతాయి. గోధుమలో వల చేసే పనిని ఇక్కడ మినుముల జిగురు చేస్తోంది. అదే పిండిని మందపాటి గిన్నెలో పోసి, కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు పెట్టి కాలిస్తే దిబ్బరొట్టె. పైన కరకర, లోపల మెత్తన. ఓవెన్ అన్న పేరు లేకపోయినా అది బేకింగే.

జొన్నరొట్టెకి పిండిని వేడినీళ్ళతో ఎందుకు కలుపుతారు? చల్లనీళ్ళతో కలిపితే రొట్టె విరిగిపోతుంది. వేడికి స్టార్చ్ ఉడికి జిగురుగా మారి పిండిని పట్టుకుంటుంది. అరిసెల్లో తడి బియ్యప్పిండిని బెల్లం పాకం పట్టి ఉంచుతుంది. ఈ మూడు పద్ధతులూ, పప్పు జిగురు, ఉడికిన స్టార్చ్, పాకం, గ్లూటెన్ లేని బేకరీకి పనికొచ్చే టెక్నాలజీలే.

సరుకు కూడా దగ్గరే దొరుకుతుంది. చోళ్ళు మన నేల పంట. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన చోడి రకాలకి చంపావతి, వేగవతి, గోస్తనీ అని మన నదుల పేర్లే పెట్టారు. 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎముకలు బలహీనపడ్డ సీలియాక్ పిల్లలకి ఇది మంచి సంగతి. సామలు, కొర్రలు ఏజెన్సీ నుంచి వస్తాయి. విదేశాల్లో గ్లూటెన్ లేని కేకులకి బాదం పొడి ఎక్కువగా వాడతారు, అది ఖరీదు. మనకి పలాస ఉంది. గుండు జీడిపప్పు అక్కర్లేదు, ధర తక్కువుండే పలుకులు తెచ్చి పొడి కొట్టుకుంటే ఆ పని అయిపోతుంది. ఉద్దానం కొబ్బరి ఉండనే ఉంది.

ఓవెన్ దగ్గర

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వస్తువుల్ని సులువు నుంచి కష్టానికి వరసగా పెట్టుకోవాలి.

మొదటిది బిస్కెట్. దీనికి గ్లూటెన్ అవసరమే లేదు. మామూలు బిస్కెట్లో కూడా పిండిని ఎక్కువ పిసకొద్దంటారు, వల తయారైతే బిస్కెట్ గట్టిపడుతుంది కాబట్టి. చోడి పిండి, బియ్యప్పిండి, జీడిపలుకుల పొడి, వెన్న, బెల్లం. ఇది చేతికి తొందరగా వచ్చేస్తుంది. బియ్యప్పిండి ఇసకలా పంటికి తగలకుండా ఉండాలంటే సన్నగా ఆడించాలి, కలిపాక అరగంట నాననివ్వాలి.

రెండోది కేక్. ఇక్కడ గుడ్డు సగం పని చేస్తుంది. గిలక్కొట్టిన గుడ్డు గాలిని పట్టి ఉంచుతుంది, వేడికి గట్టిపడి ఆకారం ఇస్తుంది. గుడ్డు తిననివాళ్ళ కోసం చేయాలంటే అరటిపండు, పెరుగు, కొంచెం జాంతన్ గమ్ వాడాలి. జాంతన్ గమ్ గ్రాముల్లో సరిపోతుంది. ఎక్కువ వేస్తే కేక్ జిగటగా, రబ్బరులా తయారవుతుంది.

మూడోది, అన్నిటికన్నా కష్టం, బ్రెడ్. ఇక్కడ వల లేని లోటు పూర్తిగా తెలుస్తుంది. చాలామంది వాడేది ఇసబ్‌గోల్ పొట్టు. మెడికల్ షాపులో మలబద్ధకానికి అమ్మేదే. నీళ్ళు తగిలితే గుజ్జులా ఉబ్బి పిండిని సాగేలా చేస్తుంది. కిలో పిండికి 30 నుంచి 50 గ్రాములు పడుతుంది. నీళ్ళు కూడా ఎక్కువ కావాలి. గోధుమ బ్రెడ్‌కి కిలోకి 600–650 మిల్లీలీటర్లు సరిపోతే, దీనికి 800 నుంచి లీటరు దాకా పోతుంది. పిండి ముద్దలా ఉండదు, చిక్కటి గారెల పిండిలా ఉంటుంది. చేత్తో మలచలేం, అచ్చులో పోయాల్సిందే.

ఇంకో సమస్య ఉంది. ఈ బ్రెడ్ తొందరగా గట్టిపడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం, ఇడ్లీ మర్నాటికి ఎలా బిరుసెక్కుతాయో ఇదీ అంతే. చల్లారిన స్టార్చ్ మళ్ళీ బిగుసుకుంటుంది. కాబట్టి ఏ రోజుది ఆ రోజే అమ్మాలి, లేదా ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్లో పెట్టాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు.

ఎగ్ పఫ్ సంగతి అడుగుతారని తెలుసు. పొరలు పొరలుగా సాగదీయడానికి గ్లూటెన్ కావాలి. మొదటి ఏడాది మెనూలో పఫ్ లేకపోవడమే మంచిది.

పావు గ్రాము లెక్క

ఇప్పటిదాకా చెప్పింది వంట. అసలు కష్టం శుభ్రత.

ఏది గ్లూటెన్ ఫ్రీ? అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం, మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం రెండూ ఒకే గీత గీశాయి: కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. దీన్నే 20 పీపీఎం అంటారు.

20 మిల్లీగ్రాములంటే ఎంత? మైదాలో ప్రొటీన్ సుమారు 10 శాతం, అందులో దాదాపు 80 శాతం గ్లూటెన్. అంటే ఒక గ్రాము మైదాలో 80 మిల్లీగ్రాముల గ్లూటెన్. కాబట్టి 20 మిల్లీగ్రాములంటే పావు గ్రాము మైదా. కిలో బిస్కెట్ పిండిలో పావు గ్రాము, అంటే వేళ్ళకి అంటుకునే చిటికెడు. ఒక చపాతీకి 30 గ్రాముల పిండి పట్టిందనుకుంటే, అందులో గ్లూటెన్ 2,400 మిల్లీగ్రాములు. 120 కిలోల సరుకుని గీత దాకా తీసుకెళ్ళడానికి ఆ ఒక్క చపాతీ చాలు. లంచ్ బాక్స్ రూల్ ఎందుకు పెట్టామో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అందుకే మామూలు బేకరీలో ఒక మూల 'గ్లూటెన్ ఫ్రీ కౌంటర్' పెట్టడం నమ్మదగ్గ పని కాదు. మైదా దుమ్ము గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటుంది. ఓవెన్ ఫ్యాన్ దాన్ని అన్ని ట్రేల మీదకీ ఊదుతుంది. జల్లెడ కన్నాల్లో, చెక్క గరిటెల పగుళ్ళలో, అప్పడాల కర్ర మీద పిండి ఉండిపోతుంది. ప్రోగ్రామింగ్‌లో గ్లోబల్ వేరియబుల్ లాంటిది ఇది. ఎవరు ఎక్కడ ముట్టుకున్నా అందరికీ తగులుతుంది.

ఇక షాపు బయట నుంచే లోపలికి వచ్చే దారులు:

పిండి మర: మన ఊళ్ళలో ఒకే మరలో గోధుమలు ఆడించి, వెంటనే చోళ్ళు పోస్తారు. మర లోపల మిగిలిన గోధుమ పిండి మన పిండిలో కలిసిపోతుంది. కాబట్టి ధాన్యం గింజలుగానే కొని, జల్లించి, వేరే గింజలు ఏరేసి, కడిగి ఎండబెట్టి, సొంత పల్వరైజర్‌లో ఆడించుకోవాలి. ఈ వ్యాపారంలో ఓవెన్ కన్నా ముందు కొనాల్సింది ఇదే.

ఇంగువ: ఇది చాలామందికి తెలియదు. పొడి ఇంగువ అంటే ఒట్టి ఇంగువ కాదు, దాన్ని పిండితో కలిపి అమ్ముతారు. చాలా రకాల్లో ఆ పిండి గోధుమదే. జంతికలు, చెక్కలు చేసేటప్పుడు డబ్బా మీద రాసింది చదవాలి.

నూనె: మిర్చి బజ్జీ శనగపిండిదే. కానీ అదే బాండీలో మైదా పునుగులు వేగాక వేస్తే అది సేఫ్ కాదు.

మాల్ట్: పిల్లలు పాలల్లో కలుపుకునే పొడులు కొన్నిటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది. చాక్లెట్ ఫ్లేవర్ కోసమని కేకులో వేయకూడదు.

ఓట్స్: వాటిలో గోధుమ గ్లూటెన్ లేదు గానీ, పొలంలో, మిల్లులో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ. ప్రత్యేకంగా పరీక్షించినవి తప్ప వాడకూడదు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా కంటికి కనిపించదు కాబట్టి పరీక్ష చేయించాలి. ల్యాబుల్లో ఎలీసా అనే పద్ధతిలో కొలుస్తారు. ప్రతి ట్రేనీ పరీక్షించలేం, కొత్త బస్తా వచ్చినప్పుడు, కొత్త వస్తువు మొదలుపెట్టినప్పుడు చేయిస్తే చాలావరకు భరోసా. ఇక్కడ మన బ్రాంచి వాళ్ళకి పని ఉంది. ఏ బస్తా ఏ రోజు విప్పారు, దాంతో ఏ బ్యాచ్ చేశారు, అది ఎవరికి అమ్మారు అన్నది ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటే చాలు. రేపు ఒక తల్లి ఫోన్ చేసి 'మా బాబుకి తేడా చేసింది' అంటే, ఐదు నిమిషాల్లో బస్తా దాకా వెనక్కి వెళ్ళగలగాలి. పెద్ద యాప్ అక్కర్లేదు, రోజూ తప్పకుండా రాసే అలవాటు కావాలి.

'రాగి' అని రాసినంత మాత్రాన

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక షాపుల్లో రాగి బిస్కెట్లు, మిల్లెట్ కుకీలు పెరిగాయి. ప్యాకెట్ తిప్పి వెనక చదవండి. మన నియమాల ప్రకారం పదార్థాలని బరువులో ఎక్కువ నుంచి తక్కువ వరసలో రాయాలి. చాలా రాగి బిస్కెట్లలో మొదటి పేరు గోధుమ పిండో మైదానో ఉంటుంది, రాగి ఆ తరవాతెక్కడో వస్తుంది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఎలర్జీ సమాచారంగా ప్యాకెట్ మీద చెప్పాలన్న నియమం కూడా ఉంది. మామూలు మనిషికి రాగి తక్కువుంటే రుచిలోనే తేడా. సీలియాక్ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ వెనక లైన్ చదవడం ప్రతిరోజూ రాసే పరీక్ష లాంటిది.

ఒకరికి మంచిది, ఇంకొకరికి?

ఇలాంటి బేకరీ పెట్టగానే 'హెల్దీ' అని బోర్డు రాయాలనిపిస్తుంది. రాయకూడదు. ఎందుకో మన జిల్లాయే చెబుతుంది.

ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, ఎందరో కిడ్నీ జబ్బుతో బతుకుతున్నారు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి తెరిచారంటేనే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి పొటాషియం, ఫాస్ఫరస్, ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెబుతారు. ఇప్పుడు మన స్టార్ ఐటమ్ చూడండి: చోడి పిండి, బెల్లం, జీడిపప్పు, కొబ్బరి. పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండేవన్నీ ఒకే బిస్కెట్లో చేరాయి. సీలియాక్ పిల్లాడికి వరం లాంటి ఆ బిస్కెట్, డయాలసిస్ మీదున్న అతని తాతకి డాక్టర్ని అడగకుండా ఇవ్వకూడనిది. చాలా రకాల బేకింగ్ పౌడర్లలో కూడా ఫాస్ఫేట్, సోడియం ఉంటాయి.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతీ అంతే. గ్లూటెన్ లేదంటే చక్కెర లేదని కాదు. బియ్యప్పిండి కేక్ రక్తంలో షుగర్‌ని మైదా కేక్ అంత వేగంగానూ పెంచగలదు. బెల్లం వేసినా షుగరే.

కాబట్టి కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న 'ఏం కావాలి' కాదు, 'ఎవరి కోసం, వాళ్ళకి ఏది పడదు' అని. జవాబు తెలియకపోతే 'ఇందులో ఇవి ఉన్నాయి, మీ డాక్టర్‌కి చూపించండి' అని పదార్థాల చీటీ చేతికివ్వాలి. బేరం పోయినా ఫర్వాలేదు.

షాపు నడవాలంటే

పైన వేసిన లెక్క మళ్ళీ తీస్తే నిజం తెలుస్తుంది. విజయనగరం పట్టణం జనాభా 2011లో 2 లక్షల 28 వేలు. వెయ్యికొకరు అనుకుంటే 230 మంది కూడా లేరు, అందులో జబ్బు ఉందని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. వాళ్ళ మీదే ఆధారపడితే షాపు అద్దె కూడా రాదు.

అంటే రుచి కోసమో, చిరుధాన్యాల కోసమో వచ్చే మామూలు జనం కొనాలి. సంక్రాంతికి అరిసెలు, పోకుండలు, మామూలు రోజుల్లో చోడి బిస్కెట్లు, సున్నుండలు, వారానికి రెండు రోజులు దిబ్బరొట్టె, ఆర్డర్ మీద కేకులు. దూరం ఊళ్ళకి పాడవని బిస్కెట్లు పార్సెల్ చేయొచ్చు. డబ్బు ఎక్కువమంది నుంచి వస్తుంది, రూల్స్ మాత్రం కొద్దిమంది కోసం ఉంటాయి. 'ఈ ఒక్క పెళ్ళి ఆర్డర్‌కి కాజాలు కూడా చేసిపెట్టండి, డబుల్ ఇస్తాం' అని ఎవరో అంటారు. కాజా అంటే మైదా. ఆ రోజు ఒప్పుకుంటే మిగతా 364 రోజుల జాగ్రత్త వృథా. ఈ వ్యాపారంలో అమ్ముతున్నది కేక్ కాదు, నమ్మకం అని అప్పుడు తెలుస్తుంది.

మనం చేయగలిగినవి

అందరం బేకరీ పెట్టం. కానీ మూడు పనులు చేయొచ్చు.

ఒకటి, ఎక్కడైనా ఫెస్ట్‌లో ఫుడ్ స్టాల్ పెడితే ప్రతి ఐటమ్ ముందు ఏమేం వేశారో ఒక చీటీ రాసి పెట్టండి. పేపరు, పెన్ను తప్ప ఖర్చు లేదు.

రెండు, చాలా కాలంగా తగ్గని రక్తహీనతో, విరేచనాలో ఉంటే, గోధుమ మీద అనుమానం వస్తే, ముందే చపాతీ మానేయకండి. సీలియాక్ పరీక్షకి మొదట టీటీజీ అనే రక్త పరీక్ష చేస్తారు, అవసరమైతే పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే అవి నిజం చెబుతాయి. మానేసి వెళితే రిపోర్ట్ నార్మల్ అని రావచ్చు, జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి ముందు డాక్టరు, తరవాత మానడం.

మూడు, ఎవరైనా 'నాకు పడదు' అంటే ఒక్కసారితో వదిలేయండి. బతిమాలొద్దు, కారణం అడిగి నిలబెట్టొద్దు. తనకి పడే ఇడ్లీయో, అరటిపండో పక్కన పెట్టండి చాలు. మన దగ్గర మర్యాదంటే ఇంకొంచెం వడ్డించడం. ఒక్కోసారి వడ్డించకుండా ఊరుకోవడం కూడా మర్యాదే.